‘అతుకుల బొంత’ తిట్టేనా? – పసిబిడ్డ బొంత కొలతలతో సహా

ప్రశ్న: బాలసారెకి పాత నూలు చీరతో బొంత కుట్టి ఇద్దామనుకునేవాళ్లు ఆ కానుక పైన ‘బొంత’ అనే రాయొచ్చా? పేదరికం మాటలా వినిపిస్తుందని కొందరంటారు. పత్రికల్లో చూస్తే పొసగని పార్టీల కూటమినల్లా ‘అతుకుల బొంత’ అనేస్తారు. వేరే మంచి మాట ఉందా? త్వరగా కుట్టే పద్ధతి తెలిసినవాళ్లు అదీ చెప్పండి.

నెల్లూరు నుంచి: నిక్షేపంగా రాయండి. దుప్పటి, చెద్దరు కప్పుకునేవి, గొంగడి ఉన్నిది. నాలుగు పొరలు పేర్చి అడ్డంగా కుట్లు వేసినదానికి బొంత తప్ప మాట లేదు. పసివాళ్లదని తెలియాలంటే ‘పొత్తిళ్ల బొంత’ అనండి, ముద్దుగా ఉంటుంది. ఇక పత్రికలవాళ్ల పోలిక సరైంది కాదు. బొంత అతుకు దగ్గర విడిపోదు. పొరలన్నిటినీ కలిపే కుట్టు దూరమైతే లోపలి గుడ్డ జారి ఒక మూలకి చేరుతుంది, అప్పుడు పాడవుతుంది. తప్పు అతుకుది కాదు, కుట్టు ఎడానిది.

వరంగల్ నుంచి: ‘గంతకు తగ్గ బొంత’ను మరిచిపోయారు. మోత పశువు వీపున వేసే సంచి గంత, దాని కింద వీపు ఒరుసుకుపోకుండా పరిచేది బొంత అని చెబుతారు. కొలత కుదరకపోతే పుండు పడుతుంది. ఇప్పుడు మొగుడూపెళ్లాల మీద ఎగతాళిగా వాడుతున్నాం గానీ అది కొలత తెలిసినవాళ్ల మాట.

విజయవాడ నుంచి: అన్నట్టు, బొంతకాకి, బొంత అరటి, బొంత పురుగు కూడా ఉన్నాయి. వాటిలో ‘లావుపాటి, మోటు’ అన్న ఛాయ కనిపిస్తుంది. ఈ బొంతకీ వాటికీ చుట్టరికం ఉందని మాత్రం గట్టిగా అనలేం.

గుంటూరు నుంచి: కుట్టే సంగతికొస్తా. ‘పిల్ల పుట్టకముందే కుళ్లాయి కుట్టినట్టు’ అనిపించుకోవడం ఇష్టంలేక చాలామంది పురుడు వచ్చాకే సూది పడతారు. ఇరవై ఒకటో రోజుకి అందాలంటే తిప్పుడు పద్ధతే మేలు.

అయిదున్నర మీటర్ల చీర అంటే 216 అంగుళాలు. జరీ అంచు గీరుకుంటుంది కాబట్టి రెండు వైపులా కత్తిరించి పక్కన పెట్టండి. వెడల్పు 40 అంగుళాల దాకా మిగులుతుంది. పొడవున 36 అంగుళాల చొప్పున నాలుగు ముక్కలు తీయండి, అవే నాలుగు పొరలు. మిగిలిన 72 అంగుళాల్లో 18కి 20 కొలతతో ఎనిమిది పొత్తిగుడ్డలు వస్తాయి, వాటినీ మడిచి బొంతతో పాటే ఇవ్వొచ్చు. కత్తిరించే ముందు చీరను వెలుతురుకి అడ్డం పట్టి చూడండి. కుచ్చిళ్ల దగ్గరా కింది అంచు దగ్గరా నేత పలచబడి ఉంటుంది. ఆ ముక్కలు లోపలికి.

పై ముక్కలు రెండింటినీ మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, లోపలి రెండు పొరలు వాటి మీద పరచండి. నాలుగంచులా కచ్చా కుట్టు వేసి, అర అంగుళం లోపలగా మిషన్ కుట్టు తిప్పండి. ఒక పక్క జానెడు వదలాలి. మూలల్లో గుడ్డను కుట్టుకి తగలకుండా ఏటవాలుగా కోసి, ఆ సందులోంచి దిండు గలీబులా తిప్పేయండి. మూల కోయకపోతే అక్కడ ముద్దకట్టి పిల్లాడి వీపుకి గుచ్చుకుంటుంది. సందు మూశాక కొలత సుమారు 35కి 39 తేలుతుంది.

నెల్లూరు నుంచి: బాగా చెప్పారమ్మా. తిప్పాక అడ్డకుట్లు మాత్రం చేత్తోనే వేయమనండి. రెండంగుళాలకో గీత సుద్దతో గీసి, మధ్య గీత నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ రావాలి. ఒక చివర నుంచి మొదలెడితే గుడ్డంతా ముందుకి నెట్టుకొచ్చి అవతలి అంచు దగ్గర ఉబ్బుగా తేలుతుంది, మళ్లీ విప్పడమే. కుట్టు బియ్యపుగింజంత ఉంటే చాలు. పొడుగు కుట్లలో చిన్నారి కాలివేళ్లు చిక్కుకుంటాయి. ఒంటిపోగు నూలుదారం 20 నుంచి 25 మీటర్లు పడుతుంది. సూదికి ఒకసారికి రెండు మూరలకు మించి ఎక్కించొద్దు, మెలికపడుతుంది. ముడి పొరల మధ్యకి లాగేయండి. దబ్బనం జోలికి పోకండి, అది గోనెసంచులకి. చీరకి పెద్ద చిల్లులు పెడుతుంది.

విశాఖ నుంచి: దూది పెట్టొద్దా అండీ?

గుంటూరు నుంచి: పసిబిడ్డ బొంతకి వద్దు. ఒకసారి తడిస్తే ఆరడానికి పూట పడుతుంది, నాలుగు ఉతుకులకి ముద్దలు కడుతుంది. పాలియెస్టర్ చీర పొరలూ వద్దు, తడి పీల్చవు. కొత్త గుడ్డ కలపాల్సివస్తే ముందు నానబెట్టి ఉతికి ఆరేయాలి. లేకపోతే కుట్టాక అది కుంచించుకుపోయి పక్కనున్న పాత నేతను చింపుతుంది. రంగు పోతుందేమో తెలియాలంటే తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. మరక అంటితే ఆ ముక్క తీసేయడమే. పూసలు, గుండీలు, చెమ్కీలు అస్సలు వద్దు.

వరంగల్ నుంచి: ఇచ్చేటప్పుడు ఇంకోమాట కూడా చెప్పండి. ఏడాది నిండేదాకా పిల్లలు పడుకునే చోట బొంతలు, మెత్తటి దుప్పట్లు ఉంచొద్దని, మీద కప్పొద్దని పిల్లల డాక్టర్లు అంటారు. మేలుకుని ఆడుకునేటప్పుడు నేల మీద పరవడానికో, ఒళ్లో వేసుకోవడానికో పనికొస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. ‘పొత్తిళ్ల బొంత’ అనే రాస్తాను. మరి తీసేసిన జరీ అంచు ఏం చేయాలి?

గుంటూరు నుంచి: గుమ్మానికి తోరణం కుట్టండి. బొంత మీదకి మాత్రం తేకండి.