అప్‌డేట్: సీసం కవచం మందం పెంచితే చాలదు

అమలాపురంలో డిగ్రీ పిల్లలకు పాఠం కోసం ఇంతకుముందు ఇక్కడ అడిగాను: న్యూట్రినోలేని ద్వంద్వ బీటా క్షయాన్ని (కేంద్రకంలో రెండు న్యూట్రాన్లు ఒకేసారి ప్రోటాన్లుగా మారి, న్యూట్రినోలు లేకుండా రెండు ఎలక్ట్రాన్లనే విడిచే, ఇంకా రుజువు కాని క్షయాన్ని) వెతికేటప్పుడు, బయటి వికిరణాన్ని ఆపే సీసం గోడ ఎంత మందమైతే అంత మేలు కదా అని. జవాబిచ్చినవాళ్లు న్యూట్రాన్ల సంగతి చూడమన్నారు. చూశాను, నా నమ్మకం కూలిపోయింది. ఈ క్షయం కోసం గమనించే జెర్మేనియం-76లో సంకేతం రావలసింది 2039 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. వేగవంతమైన న్యూట్రాన్ తాకిన సీసం-206 విడిచే ఒక గామా కిరణం శక్తి అదే కొలతలో 2041! సీసం-207 ఇచ్చే 3062 గామా శోధకంలో ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా మారి, పాజిట్రాన్ అంతమైనప్పుడు పుట్టే రెండు 511 గామాలూ బయటికి తప్పించుకుంటే మిగిలేది 2040. సరిగ్గా వెతికే చోటే దొంగ సంకేతం! ఇటలీలోని గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలలో ఇదే క్షయాన్ని జెర్మేనియంతో వెతికిన గెర్డా ప్రయోగం మందపాటి సీసానికి బదులు ద్రవ ఆర్గాన్‌నూ నీటినీ కవచంగా ఎంచుకోవడంలోని లాభం ఇప్పుడు అర్థమైంది. నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుందని నిన్న కాలువ గట్టు మీదే పిల్లలకు చెప్పాను. "మరి రాగి కవచమైతే?" అని ఒక అమ్మాయి అడిగింది. ఇప్పుడు అదే చదువుతున్నాను.