క్లోజర్‌ని వదిలేయాలా, ఉంచుకోవాలా?

ప్రశ్న: మా ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల గణాంకాలతో పోటీపడే ఆట) సేవ్స్ (జట్టు స్వల్ప ఆధిక్యాన్ని చివరివరకూ కాపాడినందుకు పిచర్‌కి వచ్చే లెక్క) విషయంలో రెండో స్థానానికీ ఐదో స్థానానికీ తేడా నాలుగే, ఇలాంటప్పుడు నా క్లోజర్ (ఆట చివర్లో బంతి వేసి ఆ ఆధిక్యాన్ని కాపాడే పిచర్) ఒకే వారంలో రెండు సేవ్స్ చెడగొట్టాడు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్లు ఇచ్చే సగటు పరుగులు) కూడా పాడవుతోంది. చాలా టెన్షన్‌గా ఉంది. తీసేయనా?

జవాబు: తొందరపడకండి. మీ జట్టు మొత్తం 1200 ఇన్నింగ్స్ వేస్తే, అతను 5 పరుగులు అదనంగా ఇచ్చినా ఈఆర్‌ఏ 0.04 కూడా పెరగదు, కానీ అతన్ని వదిలేస్తే రాబోయే సేవ్స్ పోటీలో ఉన్నవాళ్లకు పోతాయి. తొమ్మిదో ఇన్నింగ్స్ ఇంకా అతనికే ఇస్తున్నారా?

జవాబు: నేనైతే ముందు వాక్స్ (నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌ని ఊరికే బేస్‌కి పంపడం) చూస్తాను. స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం) తగ్గకుండా హిట్లు మాత్రమే పడుతుంటే చాలావరకు దురదృష్టమే. వాక్స్ పెరిగి బంతి వేగం కూడా పడిపోయిందంటే మాత్రం గాయమేమోనని భయం.

జవాబు: మీ క్లోజర్ ఆడే జట్టులో ఎనిమిదో ఇన్నింగ్స్ వేసేవాణ్ణి ఈ రాత్రే తీసుకోండి, క్లోజర్ మారితే ఆ పని అతనికే రావచ్చు; రేపటికి వేరేవాళ్లు తీసేసుకుంటారు.

అడిగినవారు: తీసుకున్నాను. నా క్లోజర్‌ని బెంచ్ మీద పెట్టాను, థాంక్స్.