ఆయన ప్రేమ మారదని ఎలా నమ్మమంటారు?

ప్రశ్న: తెనాలి దగ్గర పల్లె నుంచి ఒక సోదరి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా ఆయనకు రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. 3 ఏళ్లుగా సోమ, బుధ, శుక్రవారాలు గుంటూరు వెళ్లి డయాలసిస్ చేయించుకొస్తాం. ఎక్కించిన ప్రతిసారీ 4 గంటలు. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి ఆసుపత్రిలో డబ్బు కట్టక్కర్లేదు, అందుకు దేవునికి స్తోత్రం. బస్సు ఛార్జీలు, పోయిన కూలి మావే.

ఎండాకాలం వస్తే నాకు భయం. రోజుకు ఇంతే తాగాలని డాక్టరు చెప్పిన కొలతకు ఒక సీసా పెట్టాను. టీ తాగితే అంత నీళ్లు అందులోంచి తీసేస్తాను. మధ్యాహ్నానికే సీసా అడుగంటుతుంది. ఆయన నా వంక చూస్తారు. నేను కుండ మీద మూత సరిచేస్తున్నట్టు అటు తిరుగుతాను. కట్టుకున్నవాడికి గుక్కెడు నీళ్లివ్వలేని దాన్నయ్యాను.

నెల క్రితం మా సంఘంలో కూటాలు పెట్టారు. వచ్చిన దైవజనులు మా ఆయన తల మీద చెయ్యిపెట్టి ప్రార్థించారు. స్వస్థత రాలేదు. "ఒప్పుకోని పాపం ఏదో ఉంది, లేకపోతే విశ్వాసం చాలలేదు" అని మైకులోనే అన్నారు. అప్పటినుంచి ఈయన బల్ల, అదే ప్రభు రాత్రి భోజనం, తీసుకోవడం మానేశారు. "దేవుడు నన్ను వదిలేశాడే" అంటారు. పక్కన కూర్చుని, క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని ఏదీ విడదీయలేదని చెప్పే రోమా 8వ అధ్యాయం చదువుతుంటే నా గొంతు నాకే అబద్ధంలా వినిపిస్తోంది. దయచేసి "విశ్వాసం ఉంచండి సిస్టర్" అని మాత్రం రాయకండి. ఉంచబట్టే అడుగుతున్నాను.

జవాబు: రిటైర్డ్ నర్సు, ఏలూరు

అమ్మా, మైకులో అన్న ఆ మాట వాక్యం కాదు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే, ఎవరి పాపం అని. వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అన్నాడు ప్రభువు. ఎందరినో బాగుచేసిన పౌలు, త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని ఒక్క అక్షరం రాయలేదు.

మా అబ్బాయి 14 ఏళ్లకు రక్త క్యాన్సర్‌తో పోయాడు. ఆ తర్వాత చాన్నాళ్లు యోహాను 11 దగ్గర నా వల్ల అయ్యేది కాదు. 5వ వచనంలో యేసు మార్తను, ఆమె సహోదరిని, లాజరును ప్రేమించెను అని ఉంటుంది. 6వ వచనంలో, లాజరు జబ్బు సంగతి విని కూడా ఉన్నచోటే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడు. ప్రేమ ఉన్నవాడు చేసే పనేనా ఇది? ఆ కోపమంతా ఆయనతోనే చెప్పుకున్నాను. మార్త ఊరి బయటికి ఎదురెళ్లి అన్నదీ అదేగా, నువ్వు ఇక్కడుంటే మావాడు చనిపోయేవాడు కాదని. ఆయన ఆమెను గద్దించలేదు. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడు. మా అబ్బాయిని లేపలేదు. కానీ ఆ ఏడుపు చదివాక, ఆలస్యం చేసింది ప్రేమ లేక కాదని నాకు స్థిరపడింది. ఇప్పటికీ దాన్నే పట్టుకుని ఉన్నాను.

ఇంకోటి. ఆ సీసాలో నీళ్లు కొన్ని ఐసు ట్రేలో పోయండి. ముక్క చప్పరిస్తే నోరు ఎండదు, లెక్కా దాటదు. ఆవకాయ జోలికి పోనివ్వకండి, ఉప్పుతోనే దాహం పెరిగేది.

జవాబు: పాస్టర్, నల్గొండ

సోదరీ, సంఘకాపరిగా ముందు మిమ్మల్ని క్షమాపణ అడుగుతున్నాను. అయ్యగారిని బల్ల మానొద్దని చెప్పండి. అది బలహీనుల కోసమే పరచింది.

రోమా 8:35లో పౌలు 7 పేర్లు చెప్తాడు: శ్రమ, బాధ, హింస, కరవు, వస్త్రహీనత, ఉపద్రవం, ఖడ్గం. ఇవి మన గడప తొక్కవని ఆయన అనలేదు. తొక్కినా క్రీస్తు ప్రేమ నుంచి మనల్ని విడదీయలేవు అన్నాడు. మీకిప్పుడు ఆ అధ్యాయం గొంతు దిగకపోతే 88వ కీర్తన చదవండి. చాలా విలాప కీర్తనల్లాగా చివర్లో స్తుతికి తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అయినా మొదటి మాట "యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా". అంత చీకట్లోనూ ఎవరిని పిలవాలో ఆ మనిషి మరిచిపోలేదు. అలాంటి ప్రార్థనను దేవుడు తన గ్రంథంలోంచి తీసేయలేదు సోదరీ.

జవాబు: కువైట్ నుంచి

అక్కా, నేను ఇంటిపని చేస్తాను, ఎక్కువ రాయడం రాదు. పొద్దున్నే వాళ్లు లేవకముందు వంటింట్లో ప్రార్థన చేసుకుంటాను. ఈరోజు నుంచి బావగారి పేరు అందులో ఉంటుంది.

మళ్లీ ప్రశ్న వేసిన సోదరి

అందరికీ వందనాలు. శుక్రవారం మిషను ఎక్కించాక మంచం పక్కన కూర్చుని 88వ కీర్తన చదివాను. పక్క మంచాలవాళ్లకు వినబడకుండా, మెల్లగా. ఈసారి నా గొంతు నాకు అబద్ధంగా తోచలేదు. ఆయన కళ్లు మూసుకునే విన్నారు. "ఇలాంటి మాట బైబిల్లో ఉందా?" అని మళ్లీ చదివించుకున్నారు.

రోజూ పడుకోబోయే ముందు ఆయన ఎడమ చేతి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) దగ్గర వేళ్లు పెట్టి చూస్తాను, లోపల రక్తం జుమ్మని పారుతోందా లేదా అని. అది ఆగితే కష్టమని డాక్టర్లు చెప్పారు. నిన్న రాత్రి అలా చూస్తుండగా ఆయనే ప్రార్థన మొదలుపెట్టారు. కూటాల తర్వాత ఇదే మొదటిసారి. "ప్రభువా, దాహంగా ఉంది" అన్నారు. అంతే. నేను ఆమెన్ అన్నాను.

బల్ల సంగతి ఇంకా కదపలేదు. ఐసు ముక్కలు పనిచేస్తున్నాయి అమ్మా.