ఉప్పు 35 చూపిస్తోంది, కేహెచ్ మాత్రం 6 దగ్గరే ఆగింది

ఎంవీపీ రీఫ్:
మాస్టార్లూ, సముద్రపు అక్వేరియం కోసం 25 లీటర్ల బకెట్లో అక్వేరియం ఉప్పుతో కొత్త నీళ్లు కలిపాను. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 (వెయ్యి పాళ్లకు). కేహెచ్ (నీళ్లలో కార్బొనేట్ల మోతాదు) 6.2, ఉప్పు డబ్బా మీద మాత్రం 8.5 అని ఉంది. క్యాల్షియం 420 ఉండాల్సింది 400 చిల్లర. నీళ్లు పల్చటి మజ్జిగలా ఉన్నాయి, బకెట్ అడుగున తెల్లటి పొర గరగరమంటోంది. ముందు ఉప్పు పోసి, దానిమీద ఇంట్లో ఆర్వో నీళ్లు పట్టాను. టెస్ట్ కిట్ పాడైందా, ఉప్పు పాతదా? రేపు నీళ్లు మార్చాలి.

గాజువాక సాల్టీ:
రెండూ కాదండి. ఉప్పు మీద నీళ్లు పోస్తే మొదటి కొన్ని నిమిషాలు అడుగున చిక్కటి ముద్ద తయారవుతుంది. అందులో క్యాల్షియం, కార్బొనేట్ కలిసి సున్నంలా గట్టిపడతాయి. మీ చేతికి గరగరలాడేది అదే. ఒక్క కేహెచ్ పోతే క్యాల్షియం 7 పీపీఎమ్ (లీటరుకు మిల్లీగ్రాములు) మాత్రమే పోతుంది. అందుకే కేహెచ్ బాగా పడిపోయినా క్యాల్షియం బానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎప్పుడూ నీళ్లే ముందు. 25, 26 డిగ్రీలకు తెచ్చి, పంపు ఆన్ చేశాక, ఉప్పు గుప్పెడు గుప్పెడుగా పది పదిహేను నిమిషాల్లో వేయండి. 25 లీటర్లకు దాదాపు 900 గ్రాములు పడుతుంది. 800 వేసి, కరిగాక కొలిచి మిగతాది వేయడం మేలు. పంపు తిరగకుండా హీటర్ పెడితే దానిమీదా సున్నం కడుతుంది. ఉప్పు కవరు మూతిని క్లిప్పుతో సరిపెట్టొద్దు, మన వైజాగ్ గాలికి వారంలో గడ్డ కడుతుంది. తేమ పట్టిన ఉప్పును తూకం వేస్తే లెక్కా తప్పుతుంది.

ఇంతకీ ఆ ఆర్వో ఏ రకం? నీళ్లలో రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉన్నదా?

మధురవాడ నుంచి:
35 అన్న అంకెను కూడా అప్పుడే నమ్మకండి. రిఫ్రాక్టోమీటర్‌ను ఆర్వో నీళ్లతో సున్నాకు తెస్తే సరిపోదు, 35 దగ్గరే సరిచూడాలి. బజారు ద్రావణం దొరక్కపోతే 36.5 గ్రాముల మామూలు ఉప్పు, 963.5 గ్రాముల శుద్ధజలం కలపండి. అది సరిగ్గా 35 చూపించాలి, లేకపోతే స్క్రూ తిప్పాలి. చుక్క వేశాక అర నిమిషం ఆగి చూడండి.

ఎంవీపీ రీఫ్:
అవునండి, రాగిదే. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) 60 వస్తోంది. కేహెచ్ తక్కువైతే వంటసోడా వేసి సర్దేయొచ్చా? పోనీ బీచ్ పక్కనే ఉంది, సముద్రం నీళ్లే తెచ్చుకుంటే?

గాజువాక సాల్టీ:
సోడాతో కేహెచ్ పెరుగుతుంది. 25 లీటర్లకు ఒక్కో కేహెచ్‌కు 0.75 గ్రాములు, మీకైతే 1.7. బేకింగ్ పౌడర్ మాత్రం కాదు. కానీ ఈ బకెట్‌కు ఆ శ్రమ దండగ, పారబోయండి. చేపలు తట్టుకునే రాగి రొయ్యలకూ నత్తలకూ పగడాలకూ విషం. పైగా అది రాళ్లలో, ఇసుకలో ఇంకి కూర్చుంటుంది. రాగి కార్ట్రిడ్జ్‌కూ టీడీఎస్ కంట్రోలర్‌కూ ముందే, మెంబ్రేన్ (ఆర్వో వడపోత పొర) దాటగానే విడి పైపు తీయించి, దానికి డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) తగిలించండి. టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. ఒకటి వచ్చిందంటే రెజిన్ అయిపోవచ్చిందన్నమాట.

మధురవాడ నుంచి:
ఆర్కే బీచ్ ఒడ్డు నీళ్లు వద్దే వద్దు, ఊరి మురుగు కలిసేది అక్కడే. ఫిషింగ్ హార్బర్ వైపైతే డీజిల్. వానలయ్యాక ఉత్తరాది నదుల నీళ్లు తీరం వెంట దిగి రావడంతో ఇక్కడ ఉప్పదనమూ తగ్గుతుంది. రేపటి మార్పు వారం వాయిదా వేస్తే ట్యాంకుకేం కాదు, ఈలోగా రెజిన్ తెప్పించుకోండి.