యుద్ధకాలపు కామిక్ పుస్తకాలు: ఈ మధ్య మీ చేతికి వచ్చినవేమిటి?

పాత అట్ట, న్యూజెర్సీ:

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం పెన్సిల్వేనియాలోని ఒక పల్లెలో, ఇంటి పెద్దావిడ పోయాక సామానంతా అమ్మకానికి పెట్టిన చోట, కుట్టుమిషను సరంజామా కోసం మా ఆవిడ 40 డాలర్లు పెట్టి కొన్న పెట్టె అడుగున 'వరల్డ్స్ ఫైనెస్ట్ కామిక్స్' 11వ సంచిక దొరికింది. 1943 శరదృతువు సంచిక ఇది. అట్ట మీద సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, రాబిన్ ముగ్గురూ కలిసి కూరగాయల తోటపని చేస్తుంటారు. డబ్బాల్లో నిల్వచేసిన ఆహారానికి అప్పట్లో రేషను ఉండేది కనుక, ప్రతి ఇంటివారూ పెరట్లో కూరలు పండించుకోవాలని ప్రభుత్వం చేసిన ప్రచారానికి ఈ బొమ్మ ఒక తోడు.

మిగతా కామిక్ పుస్తకాలు 10 సెంట్లు ఉన్న రోజుల్లో దీని వెల 15 సెంట్లు. అట్ట మందంగా ఉంటుంది, వెన్ను జిగురుతో అతికించి ఉంటుంది. నా ప్రతిలో వెన్ను పైభాగాన రెండు వేళ్ల మేర జిగురు విడిపోయింది. లోపలి కాగితం వేయించిన గోధుమరవ్వ రంగుకు తిరిగింది కానీ, పుట తిప్పితే విరగడం లేదు.

నా సందేహం వేరు. అట్ట లోపలివైపు ఎవరో పిల్లవాడు పెన్సిలుతో లెక్కలు వేసుకున్నాడు. పైన 187 అని రాసి కింద గీత గీశాడు. దాని కింద 112, 131, 140, 164 అని ఒకదాని కింద ఒకటి అంకెలు, పక్కన కొట్టివేతలు ఉన్నాయి. రబ్బరుతో ఇవన్నీ తుడిపించి, మడతలు పోయేలా పుస్తకాన్ని వత్తించి, పుస్తకం స్థితిని బట్టి అంకె వేసే సంస్థకు పంపితే శ్రేణి ఒక మెట్టు పెరుగుతుందని ఒక వ్యాపారి చెప్పాడు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరా?

కృష్ణాతీరం, డల్లాస్:

ముందుగా అభినందనలు. రెండో మాట: రబ్బరు దగ్గరికి రానివ్వకండి.

ఆ లెక్కలేమిటో నాకు తెలిసినట్టే ఉంది. అప్పట్లో బడిపిల్లలు, యుద్ధ ఖర్చుల కోసం ప్రభుత్వం అమ్మే 10 సెంట్ల పొదుపు స్టాంపులు కొని ఆల్బంలో అతికించేవారు. మొత్తం 18 డాలర్ల 75 సెంట్లు అయితే ఆల్బం ఇచ్చి ఒక బాండు తీసుకోవచ్చు, పదేళ్ల తరువాత దానికి 25 డాలర్లు వస్తాయి. 18.75 అంటే 10 సెంట్ల స్టాంపులు 187, పైన ఒక 5 సెంట్ల నాణెం. మీ పిల్లవాడు తన స్టాంపుల లెక్క రాసుకున్నాడు. బాండ్లు కొనమని ఆనాటి కామిక్ పుస్తకాలు అట్ట మీదే అడిగేవి. ఇదే వరల్డ్స్ ఫైనెస్ట్ 8వ సంచిక అట్ట మీద మన ముగ్గురు వీరులూ స్వయంగా బాండ్లు, స్టాంపులు అమ్ముతుంటారు. అంటే మీ దగ్గర ఉన్నది ఆ ప్రచారానికి ఒక పాఠకుడు ఇచ్చిన సమాధానం. దాన్ని చెరిపి శ్రేణి పెంచుకోవడం నాకైతే అన్యాయంగా తోస్తుంది.

ఇక శ్రేణి సంగతి. 2000 నుంచి పనిచేస్తున్న సీజీసీ సంస్థ 0.5 నుంచి 10 వరకు అంకెలు వేసి పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి ఇస్తుంది. పెన్సిలు రాతకు కొంత తగ్గిస్తారు, అంతే. దానికంటే పెద్ద దెబ్బ తగిలేది రంగు పూసినందుకూ, అంచులు కత్తిరించినందుకూ. అటువంటివాటికి మామూలు నీలం చీటీకి బదులు ఊదారంగు చీటీ పడుతుంది, ధర సగానికంటే కిందికి జారుతుంది.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. 'డాన్ విన్స్‌లో ఆఫ్ ది నేవీ' మొదటి సంచిక, 1943 ఫిబ్రవరిది, అట్ట మీద కెప్టెన్ మార్వెల్ కూడా ఉంటాడు, ఆన్‌లైనులో ఒకరి దగ్గర కొన్నాను. ఫొటోలో నిగనిగలాడింది. ఇంటికి వచ్చాక గది చీకటి చేసి అతినీలలోహిత దీపం కింద పెడితే, వెన్ను పొడవునా తెల్లబడిన చోట్ల పూసిన రంగు వేరేగా మెరిసింది. పైగా మూడు వైపులా అంచులు మరీ తిన్నగా ఉన్నాయి. 80 ఏళ్ల నాటి పుస్తకానికి నిన్న కోసినట్టు అంచులుంటే సంతోషించకూడదు, అనుమానించాలి. అమ్మినవారు సరుకు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. అది ఇప్పుడు నా బల్ల మీద, కొత్తగా చేరేవారికి చూపించడానికి పనికివస్తోంది.

మేపుల్ నీడ, టొరంటో:

నాది వేరే జాతి పుస్తకం. విదేశీ మారకాన్ని పొదుపు చేయడానికి కెనడా ప్రభుత్వం 1940 డిసెంబరులో ఒక చట్టం తెచ్చి, అత్యవసరం కాని సరుకుల దిగుమతిని ఆపివేసింది. అమెరికా కామిక్ పుస్తకాలు అందులో పోయాయి. ఉన్నట్టుండి కెనడా పిల్లలకు చదవడానికి ఏమీ లేకపోయేసరికి, టొరంటోలోనూ వాంకూవరులోనూ స్థానిక ప్రచురణకర్తలు పుట్టుకొచ్చారు. అట్టకు మాత్రమే రంగులు, లోపలంతా నలుపు తెలుపు. అందుకే సేకర్తలు వీటిని 'కెనెడియన్ వైట్స్' అంటారు.

పోయిన నెల 'ట్రయంఫ్ కామిక్స్' సంచిక ఒకటి, అట్ట లేనిది, చవకగా దొరికింది. అందులో ఏడ్రియన్ డింగిల్ గీసిన నెల్వానా కథ ఉంది. ఉత్తర ధ్రువపు వెలుగుల నుంచి శక్తి పొందే ఈ నాయిక 1941 ఆగస్టులో వచ్చింది, అంటే వండర్ ఉమన్ కంటే కొన్ని నెలలు ముందే. అట్ట లేకపోవడం నాకు పెద్ద బాధ అనిపించలేదు, కారణం వినండి. పూర్వపు యజమాని నెల్వానా వస్త్రానికి ఆకుపచ్చ, మంచుకు లేత నీలం, శత్రువుల విమానాలకు ముదురు ఎరుపు, రంగు పెన్సిళ్లతో పుట పుటా నింపుకుంటూ వచ్చాడు. ఏడో పుట వరకు గీత దాటకుండా జాగ్రత్తగా వేశాడు. తరువాత ఓపిక తగ్గింది. పదో పుటలో ఆకుపచ్చ పెన్సిలు అయిపోయినట్టుంది, వస్త్రం గోధుమరంగైంది. సరిహద్దుకు ఆవలి పిల్లలకు రంగుల్లో అచ్చయి వచ్చేది, ఇక్కడి పిల్లవాడు తానే వేసుకున్నాడు.

శ్రేణి వేసేవారి లెక్కలో ఇది పాడైన ప్రతి. నేను మాత్రం దీన్ని శుభ్రమైన ప్రతితో మార్చుకోను. కాబట్టి పాత అట్ట గారూ, నా ఓటు కృష్ణాతీరం గారికే.

సాగరఘోష, విశాఖపట్నం:

ఇన్ని మంచి పుస్తకాల మధ్య నాది చెప్పుకోవడానికి కొంచెం సంకోచంగా ఉంది. అమెరికాలో ఉన్న మా మేనల్లుడి ద్వారా 'మిలిటరీ కామిక్స్' 1944 నాటి సంచిక ఒకటి తెప్పించుకున్నాను. అట్ట చిరిగింది, మధ్య పుట ఊడింది, పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాగితానికి ఎర్రటి మరక దిగింది. ఇందులో ప్రధాన కథ 'బ్లాక్‌హాక్' విమాన దళానిది.

బొమ్మల పనితనం చూసి ఆనందించాను, కానీ ఒక్క విషయం గొంతులో ముల్లులా అడ్డుపడింది. ఆ దళంలో చాప్ చాప్ అనే చైనా దేశస్థుడు ఉంటాడు. చైనా అప్పుడు అమెరికాకు మిత్రదేశం. అయినా మిగతావారిని మనుషుల్లా గీసి, అతన్ని మాత్రం ఎత్తుపళ్లు, పిలక, గుండ్రటి పొట్టతో విదూషకుడిలా గీశారు. మిత్రుడి గతే అది అయితే జపాను వారిని ఎలా గీశారో చెప్పనక్కరలేదు. కోరలు, పంజాలు, పసుపు రంగు ముఖాలు.

మా ఇంట్లో ఈ విషయానికి ఇంకో పక్క కూడా ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ ఆ రోజు చంకలో బిడ్డతో, తలమీద బియ్యం మూటతో ఊరు విడిచి వెళ్లిన మనిషి. 'బాంబులప్పుడు' అనేది మా ఇంట్లో ఒక కాలమానం, పెళ్లిళ్లూ పుట్టుకలూ దానికి ముందో వెనకో లెక్కకట్టేవారు. జపాను మాట వస్తే ఆమె ముఖం చిట్లించేది. ఈ పుస్తకం తెరిచినప్పుడు, బాంబులు పడిన ఊళ్లో పుట్టినవాణ్ణి అయినా, ఆ కోరల బొమ్మలు నాకు నవ్వు తెప్పించలేదు. ఇంటికి వచ్చిన పిల్లలకు చూపించేటప్పుడు ముందు రెండు మాటలు చెప్పి చూపిస్తున్నాను. మీరంతా ఏం చేస్తారో తెలుసుకోవాలని ఉంది.

ఇంకొకటి, మాది సముద్రపు గాలి. కాగితం మెత్తబడకుండా ఏం చేయాలి? మా నాన్నగారు పుస్తకాల బీరువాలో వేపాకు, కలరా ఉండలు వేసేవారు.

కృష్ణాతీరం, డల్లాస్:

వేపాకు వద్దండీ, ఎండిన ఆకు మరక దిగుతుంది. కలరా ఉండల వాసన కాగితంలోకి దూరితే మరి పోదు. ఈ పుస్తకాల కాగితం పత్రికల కాగితమే. నాసిరకం చెక్క గుజ్జుతో చేసినది, తనలోని ఆమ్లంతో తానే పసుపెక్కి పెళుసవుతుంది. ఎండ, వేడి, తేమ ఆ పనిని తొందరచేస్తాయి. మామూలు పాలిథిన్ సంచి కొన్నేళ్లకు అదే పసుపెక్కుతుంది కనుక మైలార్ అనే పారదర్శక పాలియెస్టరు సంచి, వెనక ఆమ్లం లేని అట్ట పెట్టి, ఇంటి లోపలి గోడ పక్కన చీకటి చోట ఉంచండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకొకసారి మార్చండి. తుప్పు పిన్నులను మీరే పీకవద్దు. చిరుగులకు సెల్లోటేపు మాత్రం జన్మలో వేయవద్దు.

చలికాలం చదువరి, లెస్టర్:

చదువుతూ కూర్చున్నాను, నాదీ ఒక చిన్న మాట. బ్రిటన్‌లో కాగితం కరువు మరీ తీవ్రం. డండీ నుంచి వచ్చే 'డాండీ', 'బీనో' అనే పిల్లల బొమ్మల వారపత్రికలు 1941లో వారం మార్చి వారం వచ్చే స్థితికి దిగాయి. ఈ వారం ఒకటి, వచ్చే వారం రెండోది. యుద్ధం ముగిసినా మళ్లీ ప్రతివారం రావడానికి 1949 దాకా పట్టింది. నా దగ్గర 1943 నాటి బీనో ఒకటి ఉంది, నాలుగు మడతలు పడి, పలచగా, ఒక పుట వెనక అచ్చు ఇవతలికి కనిపిస్తూ.

పాత అట్ట, న్యూజెర్సీ:

అమెరికా పుస్తకాల్లోనూ పుటలు తగ్గాయని విన్నాను. నిజమేనా?

మేపుల్ నీడ, టొరంటో:

నిజమే. ప్రభుత్వం ప్రచురణకర్తలకు కాగితం కోటా పెట్టడంతో, అట్టతో కలిపి 68 పుటలుండే పుస్తకం 60కి, ఆపైన 52కు దిగింది, వెల మాత్రం అదే 10 సెంట్లు. కొనేముందు పుటలు లెక్కపెట్టుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. 1945 నాటి సంచికలో 52 మాత్రమే ఉంటే పుటలు పోయాయని అమ్మేవారితో గొడవపడకండి. ఒకసారి నేను పడ్డాను.

అచ్చయినవి లక్షల్లో ఉన్నా మిగిలినవి ఇంత తక్కువ కావడానికి కూడా కాగితమే కారణం. బాయ్ స్కౌట్లు, బడిపిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాత కాగితం సేకరించి యుద్ధ అవసరాలకు ఇచ్చేవారు. ఏ పిల్లలైతే ఈ పుస్తకాలు చదివారో, వాళ్లే వీటిని కట్టలు కట్టి బండికెక్కించారు.

గీతల పిచ్చి, హైదరాబాదు:

నా దగ్గర ఒక్క అసలు ప్రతి కూడా లేదు, పునర్ముద్రణలే. అయినా గీసినవారి సంగతి ఎవరూ ఎత్తలేదని రాస్తున్నాను. జో సైమన్, జాక్ కిర్బీ చేసిన 'కెప్టెన్ అమెరికా' మొదటి సంచిక అట్ట మీద 1941 మార్చి అని ఉంటుంది కానీ, దుకాణాలకు వచ్చింది 1940 డిసెంబరులోనే. అట్ట మీద తేదీని ముందుకు జరిపి వేయడం ఆనాటి అలవాటు. అంటే ఆ అట్ట బొమ్మలో హిట్లరు దవడ మీద కెప్టెన్ అమెరికా గుద్దిన గుద్దు, పెర్ల్ హార్బరు దాడికి ఏడాది ముందే, అమెరికా ఇంకా యుద్ధంలో దిగకముందే పడింది. ఆ సంచికలో డాలు త్రికోణపు పోకడలో ఉంటుంది. అప్పటికే ఉన్న 'షీల్డ్' అనే వీరుడిని పోలి ఉందని మరో ప్రచురణకర్త అభ్యంతరం చెప్పడంతో రెండో సంచిక నుంచి గుండ్రటి డాలు వచ్చింది. 2022లో ఒక మేలైన ప్రతి 31 లక్షల డాలర్లు దాటి అమ్ముడుపోయింది కనుక, దాని గురించి మాట్లాడుకోవడమే మనకు మిగిలింది.

కిర్బీ తరువాత పదాతిదళంలో చేరి 1944లో ఫ్రాన్సులో దిగాడు. 'శాండ్‌మ్యాన్' పాత్రను మొదట గీసిన బర్ట్ క్రిస్ట్‌మన్ బొమ్మలు మాని పైలటై, చైనా తరఫున పోరాడిన అమెరికా స్వచ్ఛంద విమాన దళం ఫ్లయింగ్ టైగర్స్‌లో చేరి, 1942 జనవరిలో బర్మా ఆకాశంలో చనిపోయాడు. సాగరఘోష గారి ఊరికి సముద్రం అవతలి గట్టు అది.

సాగరఘోష, విశాఖపట్నం:

ఆ చివరి వివరం నాకు తెలియదు. మా ఊళ్లో బాంబులు పడడానికి రెండున్నర నెలల ముందన్నమాట.

పాత అట్ట, న్యూజెర్సీ:

అందరికీ కృతజ్ఞతలు. పుస్తకాన్ని ఎక్కడికీ పంపడం లేదు. విడిపోయిన వెన్నును అలాగే ఉంచి, రెండు పక్కలా అట్టలు పెట్టి పడుకోబెట్టాను. కృష్ణాతీరం గారు చెప్పిన దీపం కింద చూశాను, ఎక్కడా రంగు పూయలేదు.

నిన్న రాత్రి బల్లదీపాన్ని పక్కకు వంచి ఆ లెక్కలు మళ్లీ చూశాను. ఏటవాలు వెలుతురులో, 164 కింద పెన్సిలు నలుపు లేకుండా కాగితం మీద ఒత్తుడు మాత్రమే కనిపించింది. 187లో 164 తీసివేత, జవాబు 23. ఆ 23ను ఎవరో ఎప్పుడో తుడిచేశారు.