సమస్యాపూరణం: ఓటు వేసి తనకె యోటమిచ్చె

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. పూరణలన్నీ అమెరికా సరిహద్దు నాయకుడు డేవీ క్రాకెట్ (1786–1836) మీదే రావాలి. టెనెసీ రాష్ట్రపు వేటగాడు, 1813లో క్రీక్ అనే మూలవాసులతో జరిగిన యుద్ధంలో ఆండ్రూ జాక్సన్ సేనలో పోరాడినవాడు, 1827లో అమెరికా చట్టసభ కాంగ్రెసుకు ఎన్నికైనవాడు. జాక్సన్ అధ్యక్షుడయ్యాక మూలవాసులను మిసిసిపీ నది అవతలికి తరలించే బిల్లు తెచ్చాడు. 1830లో టెనెసీ సభ్యుల్లో దాన్ని కాదన్నది క్రాకెట్ ఒక్కడే. మరుసటి ఏడాదే ఎన్నికల్లో ఓడాడు.

తుంగభద్ర:
అడవి బిడ్డలకిది యన్యాయమని యెంచి
జాక్సనునకు నెదురు చట్టసభను
తోడివారు విడువఁ దొలఁగక యొంటిగా
ఓటు వేసి తనకె యోటమిచ్చె

నిర్వాహకుడు: ధార బాగుంది తుంగభద్ర గారూ. రెండో పాదంలో జా–చ యతి హాయిగా కుదిరింది. కానీ ‘అడవి బిడ్డలు’ నాకు మింగుడుపడలేదు. ఆ బిల్లు తరలించదలచిన మూలవాసుల్లో చెరోకీలు ఒకరు. అప్పటికే వాళ్లకు తమవాడైన సెక్వోయా కూర్చిన లిపి ఉంది, 1827లో రాసుకున్న రాజ్యాంగం ఉంది, 1828 నుంచి సొంత పత్రిక ఉంది. పొలాలు దున్నుకుంటూ, తమ హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లిన జాతి అది. అడవి బిడ్డలంటే వాళ్లు పోగొట్టుకున్నదంతా కనబడకుండా పోతుంది. ఇలా మార్చి చూడండి:
చెరొకి నేల దోచు చెడు చట్టమని యెంచి
‘ఒంటిగా’ కూడా ఆలోచించండి. సభలో 102 మంది ఔనంటే 97 మంది కాదన్నారు.

తుంగభద్ర: మొదటి పాదం మారుస్తాను గురువుగారూ. ‘ఒంటిగా’ మాత్రం ఉంచుతాను. అతను తిరిగొచ్చి జవాబు చెప్పుకోవలసింది టెనెసీకే కదా, అక్కడ ఒంటరివాడే.

నిర్వాహకుడు: ఒప్పుకుంటున్నాను.

పాలపిట్ట:
అలమొ కోటలోన నసువులు బాసిన
వీరుఁ డతఁడు మున్ను చట్టమొకటి
నిలువరింపఁ జూచి నిజ పక్షమును వీడి
ఓటు వేసి తనకె యోటమిచ్చె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది. వీ–చ కుదరవు. ‘బిల్లు నొకటి’ అనండి, వీ–బి మైత్రి సరిపోతుంది, చరిత్రకూ అదే సరి: ఓటు పడేనాటికి అది ఇంకా చట్టం కాలేదు.

మల్లెపందిరి: నేను వేరే ఎన్నికను పట్టుకున్నాను. 1833లో మళ్లీ గెలిచిన క్రాకెట్‌ను 1835లో ఆడమ్ హంట్స్‌మన్ ఓడించాడు.
పేదరైతు భూమి బిల్లుకై పోరాడు
క్రాకెటునకుఁ గాక కర్రకాలి
హంట్సుమనుకు సీమ యభిమానమును జూపి
ఓటు వేసి తనకె యోటమిచ్చె

నిర్వాహకుడు: ఓడింది నాయకుడు కాదు, ఓటేసిన సీమ! సమస్యను ఇలా తిప్పడం నాకు ఎంతో నచ్చింది. పడమటి టెనెసీలో పట్టాల్లేకుండా సాగుచేసుకునే పేదలకు భూమి ఇప్పించాలని క్రాకెట్ ఏళ్ల తరబడి పోరాడాడు, బిల్లు నెగ్గలేదు. హంట్స్‌మన్‌కు కర్రకాలున్న మాట నిజమే, కానీ ఆ మనిషి అవిటితనం పద్యంలోకి ఎందుకు? ‘కడకు నాఁడు’ అంటే గణాలూ యతీ చెడవు.

మల్లెపందిరి: మార్చాను. ఓడాక క్రాకెట్ టెక్సస్ వెళ్లి 1836 మార్చి 6న అక్కడి అలామో కోట పోరులో చనిపోయాడు. తర్వాత కాంగ్రెసుకు వెళ్లిన కొడుకు జాన్ వెస్లీ 1841లో ఆ భూమి బిల్లునే కొంత మార్చి నెగ్గించాడు. దాని మీదా ఒక పాదం ఇవ్వండి గురువుగారూ.