ప్లాస్టరింగ్‌కి పది రోజులే ఉంది – నెట్, టీవీ వైరింగ్ ఎలా వేయించుకోవాలి?

కొత్తింటి పని:

మా ఇంటి గోడలు లేచాయి, పై స్లాబ్ కూడా పడింది. ఇంకో పది రోజుల్లో ప్లాస్టరింగ్ మొదలవుతుంది. కింద హాలు, అమ్మానాన్నల గది, వంటిల్లు. పైన రెండు పడకగదులు, నేను కూర్చుని పని చేసుకునే చిన్న గది. కరెంటు పైపులు అయిపోయాయి. నెట్ సంగతి అడిగితే మా ఎలక్ట్రీషియన్ గారు "హాల్లోకి ఒక వైరు లాగుదాం సార్, అక్కణ్నుంచి గదిగదికీ లూప్ చేసేద్దాం. అయినా ఇప్పుడంతా వైఫై కదా" అన్నారు. కరెంటు పని చాలా శ్రద్ధగా చేశారాయన. ఈ ఒక్క మాట దగ్గరే నాకు మనసు ఒప్పడం లేదు.

ఇప్పుడుంటున్న ఇంట్లో రౌటర్ హాల్లో ఉంది, నా బల్లకూ దానికీ మధ్య రెండు గోడలు. మీటింగులో నేను మాట్లాడే వంతు వచ్చేసరికి గొంతు తెగిపోతుంది. కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చుంటే గానీ పని జరగదు. మూడేళ్లుగా ఇదే. సొంత ఇంట్లో కూడా ఈ తిప్పలు పడదల్చుకోలేదు.

ఏ గదికి ఎన్ని వైర్లు, ఏ రకం? టీవీ గోడకు ఏమేం పెట్టించాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కేబుల్ పనివాడు:

ఆఫీసుల్లో, ఇళ్లలో నెట్‌వర్క్ కేబులింగే నా పని, 14 ఏళ్లు అయింది. సరైన సమయంలో అడిగారండీ. ప్లాస్టరింగ్ అయ్యాక అడిగేవాళ్లే ఎక్కువ.

మొదట ఆ లూప్ మాట మానిపించండి. కరెంటు లైటు నుంచి లైటుకు పాకించొచ్చు గానీ నెట్ వైరు అలా కాదు. ప్రతి పాయింటు నుంచీ విడిగా ఒక వైరు, మధ్యలో ఎక్కడా అతుకు లేకుండా, ఒకే చోటికి రావాలి. ఆ చోట రౌటర్, దాని నుంచి నెట్‌ని అన్ని వైర్లకూ పంచే స్విచ్ అనే డబ్బా ఉంటాయి. బయటి నుంచి వచ్చే ఫైబర్‌కీ అక్కడిదాకా ఒక ఖాళీ పైపు ఉండాలి. మెట్ల కింద గానీ, పై అంతస్తు నడవలో అలమర గానీ చూసుకోండి. గాలి ఆడాలి, కనీసం నాలుగు ప్లగ్ పాయింట్లు కావాలి, చిన్న యూపీఎస్ పట్టే జాగా ఉండాలి. ఇనుప పెట్టెలో పెట్టి తలుపు బిగిస్తే రౌటర్ వైఫై అందులోనే ఆగిపోతుంది, కాబట్టి గదులకు వైఫై ఇచ్చే డబ్బాలు వేరే పెట్టుకోవాలి.

ఇక నేను గట్టిగా చెప్పేది పైపు గురించి. వైరు పాతబడితే మార్చుకోవచ్చు, గోడలో పైపు లేకపోతే ఏమీ చేయలేం. 25 మిల్లీమీటర్ల పైపు వేయించండి. గోడలో బిగించే రెండు పెట్టెల మధ్య రెండు వంపులకు మించనివ్వకండి. వంపు దగ్గర మూలమట్టంగా తిరిగే ఎల్బో వద్దు, సాగినట్టు వంగే లాంగ్ బెండే వాడమనండి. పైపు నిండా వైర్లు కుక్కొద్దు, సగానికి పైగా ఖాళీ ఉండాలి. లోపల నైలాన్ తాడు వదిలి రెండు కొసలూ పెట్టెల్లో ముడేయించండి. తర్వాత వైరు లాగేటప్పుడు ఆ వైరుతో పాటే ఇంకో తాడు కూడా లాగించండి.

మా చెల్లెలి ఇంట్లో ఈ పైపుల మూతులు మూయకుండానే ప్లాస్టరింగ్ చేశారు. తర్వాత నేను వైరు లాగడానికి వెళ్లి స్ప్రింగు తోస్తే పది అడుగులు జారుతూ పోయి ఠక్కున ఆగింది. వెనక్కి లాగితే కొస మీద బూడిద రంగు పొడి. పైపులో పడిన సిమెంటు పాలు వంపులో చేరి గట్టిపడ్డాయి. రంగు వేసిన గోడను ఆ వంపు దగ్గర పగలగొట్టాను. పక్కన నిలబడి చూస్తున్న దాని మొహం ఇప్పటికీ కళ్లలో ఉంది. అందుకే మీరే ఒక సాయంత్రం టేపు చుట్ట పట్టుకుని వెళ్లి ప్రతి మూతీ మూసిరండి.

నెట్ వైర్లలో క్యాట్ 6 అనే రకం చాలు. ఒక గిగాబిట్ వేగానికి 100 మీటర్ల దాకా, 10 గిగాబిట్లకు 55 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఇంట్లో ఏ వైరూ అంత పొడవు రాదు. క్యాట్ 6ఏ లావుగా ఉంటుంది, వంగడానికి మొండికేస్తుంది, ఇంటికి అవసరం లేదు. కానీ పూర్తి రాగిదే కొనండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు కూడా అమ్ముతారు. కొస కత్తిరించి ఒక తీగను బ్లేడుతో గీకండి. గీకిన చోట తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం. ఒకటి రెండుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది, వైరు మీదుగా కరెంటు పంపితే వేడెక్కుతుంది. పెట్టె మీద ఏం రాసున్నా బ్లేడు చెప్పిందే నమ్మండి.

కరెంటు పైపులో నెట్ వైరు ఎట్టి పరిస్థితుల్లోనూ దూర్చనివ్వకండి, అది ప్రాణాల మీదికి తెచ్చే పని. పక్కపక్కన సాగాల్సి వస్తే ఒక అడుగు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

మీ బల్ల దగ్గర రెండు పాయింట్లు, టీవీ దగ్గర రెండు, ప్రతి పడకగదికీ ఒకటి.

బొమ్మ–శబ్దం:

టీవీ గోడ గురించి నేను చెప్తాను. టీవీ వెనక ఒక పెట్టె, కింద బల్ల ఎత్తులో ఇంకో పెట్టె, రెంటికీ మధ్య 50 మిల్లీమీటర్ల పైపు తిన్నగా దింపించండి. అంత లావెందుకంటే, ప్లేయర్ నుంచి టీవీకి బొమ్మ, శబ్దం మోసే హెచ్‌డీఎంఐ వైరు సన్నమే గానీ దాని తల వెడల్పు, 25 పైపు వంపులో ఇరుక్కుంటుంది. హెచ్‌డీఎంఐని పైపు లేకుండా గోడలో పూడ్చేయొద్దు. దాని 2.0 వెర్షన్ వైరు సెకనుకు 18 గిగాబిట్లు మోస్తే, 2.1 వచ్చేసరికి 48 అయింది. అప్పట్లో పూడ్చినవాళ్లకు తీసి మార్చే దారి లేదు. ప్రొజెక్టర్‌ లాంటి దూరాలకు లోపల ఫైబర్ ఉండే హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి దిశ ఉంటుంది, టీవీ వైపు ఏదో ప్లేయర్ వైపు ఏదో కొస మీద రాసి ఉంటుంది. లాగేముందే నేల మీద పరిచి, బొమ్మ వస్తుందో లేదో చూసుకోండి.

స్పీకర్లు ఇప్పుడు కొనకపోయినా వైరు వేసుకోండి. ముందు మూడు, సోఫాకి రెండు పక్కలా కాస్త వెనగ్గా, చెవి కంటే కొంచెం పైన రెండు, సబ్‌వూఫర్‌కి ఒకటి. 16 గేజ్ రాగి వైరు హాలుకి సరిపోతుంది. డిష్ పెట్టే ఆలోచన ఉంటే మేడ మీద నుంచి ఆర్‌జీ 6 వైరు ఒకటి.

టీవీ ఎత్తు మాత్రం గోడ దగ్గర నిలబడి తేల్చొద్దు. సోఫా వచ్చే చోట కుర్చీ వేసుకుని కూర్చోండి, కంటికి ఎదురుగా గోడ మీద సుద్దతో గీయండి. స్క్రీన్ మధ్యభాగం ఆ గీత దగ్గరికి రావాలి.

కొత్తింటి పని:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. కేబుల్ అన్నా, ఒక్క సందేహం. వైఫై డబ్బాలు పైకప్పుకి పెట్టాలంటారు, మా స్లాబ్‌లో పైపు వేయలేదు. ఇప్పుడెలా?

కేబుల్ పనివాడు:

స్లాబ్ జోలికి పోకండి. ఫాల్స్ సీలింగ్ వచ్చే చోట దానిపైన పైపు పాకించండి. లేని చోట గోడ మీద, పైకప్పుకి ఒక అడుగు కింద పాయింటు పెట్టించండి. కింద హాల్లో ఒకటి, పైన నడవలో ఒకటి. వాటికి కరెంటు కూడా నెట్ వైరులోంచే వెళ్తుంది, అలా కరెంటు పంపే మామూలు పీఓఈ స్విచ్ ఒక్కో పోర్టుకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది, అందుకే రాగి అని అంత పట్టుబట్టాను. నాన్నగారి గది తలుపు మూసి ఫోను పట్టుకుని చూడండి, సిగ్నల్ తగ్గితే ఆ గదికి వేసిన వైరే పనికొస్తుంది.

సుజాతక్క:

మా ఇల్లు రెండేళ్ల కింద కట్టాం. ఒక్కటే చెప్తాను తమ్ముడూ. ప్లాస్టరింగ్ ముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫొటో తీసుకో, టేపు మీద అంకెలు కనబడాలి. మూలనుంచి ఎంత దూరంలో పైపు పోతోందో ఇప్పుడు నీకు గుర్తుంటుంది, ఏడాది తర్వాత అలమరకి మేకు కొట్టేవాడికి తెలియదు. మా ఇంట్లో డ్రిల్లు పట్టినప్పుడల్లా మా ఆయన ముందు ఆ ఫొటోలే తీస్తారు. వైర్లకు రెండు కొసలా ఒకే నంబరు వేయించు.

కొత్తింటి పని:

ఇవాళ సాయంత్రం ఎలక్ట్రీషియన్ గారిని కూర్చోబెట్టి ఇవన్నీ చదివి వినిపించాను. బ్లేడు సంగతి విని, తన సంచిలో ఉన్న వైరు ముక్క తీసి అక్కడే గీకారు. తెల్లగా మెరిసింది. కాసేపు దాన్నే చూసి "ఇది నిన్ననే కొన్నానండీ, రేపు తిరిగి ఇచ్చేస్తాను" అన్నారు. లూప్ మాట మళ్లీ ఎత్తలేదు.

మెట్ల కింద చోటు ఖాయం చేశాం. మొత్తం 11 పాయింట్లు వచ్చాయి. నాన్న సుద్దముక్క అడిగి తీసుకుని, తన మంచం తల వైపు గోడ మీద స్వయంగా ఒక గుర్తు పెట్టారు, 12 అయ్యాయి. రేపు ఉదయం గాడి కొడతారు, టేపు చుట్టలు నాలుగు కొని పెట్టాను.